పల్లి నూనె సీసాలు హైదరాబాద్ చేరేలోపు ఎందుకు కారాయి: ప్యాకింగ్ పరీక్షపై ఒక కేస్ స్టడీ

వనపర్తి ప్రాంతంలోని ఒక కట్టె గానుగ యూనిట్ పల్లి నూనెను 1 లీటరు గాజు సీసాల్లో నింపి, ఆరు సీసాలు పట్టే 5 ప్లై (ఐదు పొరల) అట్టపెట్టెల్లో హైదరాబాద్‌కు పంపుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో యాసంగి పల్లి ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. కొత్త పల్లి ఆడిన నూనె ఎక్కువగా మార్చి నుంచి మే దాకా బయటికి పోతుంది. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కూడా ఆ నెలలవే. పెట్టె అడుగు జిడ్డోడుతూ చేరుతోంది, కొన్నిట్లో సీసా పగిలి ఉంటోంది, ఒక్కోసారి అడుగు ఊడి సీసా కిందికి జారుతోంది.

యూనిట్ వాళ్లు మూడింటినీ ఒకే జబ్బు కింద లెక్కేశారు: "దారిలో పగులుతున్నయ్." మందు కూడా ఒకటే వేశారు. 3 ప్లై పెట్టె తీసేసి 5 ప్లై తెచ్చారు, చుట్టూ టేపు పెంచారు. పగుళ్లు కొంచెం తగ్గినా కారడం తగ్గలేదు. ప్యాకింగ్ పరీక్షకు వచ్చే కేసుల్లో సగానికి సగం ఇలాగే ఉంటాయి. ఏది పాడవుతోందో తేలకముందే పెట్టె మందం పెరిగిపోయి ఉంటుంది.

ఈ కేసులో మొదట పెట్టుకున్న నియమం ఒక్కటే. దారిలో ప్యాక్ ఎలా పాడైందో ల్యాబులో కూడా అచ్చం అలాగే పాడవ్వాలి. అలా పాడు చేసి చూపించలేని పరీక్షలో ప్యాక్ నెగ్గినా ఆ నెగ్గుడుకు విలువ లేదు. కాబట్టి పాత ప్యాక్‌ను పాడు చేయగలిగేదాకా కొత్త డిజైన్ జోలికి పోలేదు.

వెనక్కొచ్చిన పెట్టెలు చెప్పినవి

రిటర్న్ వచ్చిన పెట్టెను కడిగి తుడిచి చూస్తే సాక్ష్యం పోతుంది. కత్తితో టేపు కోసే ముందే ఆరు ముఖాలకూ ఫొటో తీయాలి, సీసాలు బయటికి తీయకముందే ఏ గడిలో ఏ సీసా ఉందో నంబరు వేయాలి. ఇక్కడ అలా విడదీస్తే రెండు రకాలు తేలాయి.

మొదటి రకంలో గాజుకు ఏమీ కాలేదు. మూత కింది అంచు నుంచి మెడ మీదుగా సన్నటి నూనె చార దిగి, లేబుల్ పైఅంచు దగ్గర ఆగి, అక్కడి నుంచి కాగితంలోకి పాకింది. మూత చుట్టూ చూస్తే సీలు రింగు తెగలేదు. అంటే ఎవరూ తెరవలేదు, లైనర్ (మూత లోపలి మెత్తటి బిళ్ల) పక్క నుంచి నూనె తోసుకొచ్చింది. అడుగు ఊడిన పెట్టెలు కూడా ఈ రకంలోవే. నీళ్లకు అట్ట నానినట్టు నూనెకు నానదు, నారల మధ్య పట్టును నూనె నీళ్లలా తెంచలేదు. కానీ బీఓపీపీ టేపు (మామూలు ప్లాస్టిక్ ప్యాకింగ్ టేపు) జిగురు జిడ్డెక్కిన అట్ట మీద నిలవదు. టేపు పట్టు వదిలాక ఫ్లాపులు (పెట్టె మడత రెక్కలు) తెరుచుకున్నాయి. ఊడిన అడుగు కారిన నూనె వల్ల వచ్చిన నష్టం, పెట్టె బలం తక్కువై వచ్చింది కాదు.

రెండో రకంలో గాజు పగిలింది. ముక్కలు పేర్చి చూస్తే పగుళ్లు ఒక చోటు నుంచి విసనకర్రలా విచ్చుకున్నట్టు కనిపిస్తాయి. ఆ మొదటి చోటు దగ్గర విరిగిన తలం అద్దంలా నున్నగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ గరుకవుతుంది. నున్నటి మచ్చ ఎక్కడుందో పగులు అక్కడ మొదలైనట్టు. ఇక్కడ అది రెండు చోట్ల కనిపించింది. పెట్టె మూలన ఉన్న సీసాలకు అడుగు మలుపు దగ్గర, నడిమి సీసాలకు భుజం దగ్గర. భుజం దగ్గర పగిలిన సీసా పక్కనున్న సీసాకు అదే ఎత్తులో చిన్న గాటు ఉంది. గాజుకు గాజు తగిలిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ప్యాక్ వివరాలు

సీసా చదరపు అడుగుది, 80 మి.మీ. వెడల్పు, మూతతో 315 మి.మీ. ఎత్తు, ఖాళీ బరువు సుమారు 540 గ్రాములు. నూనె 910 గ్రాములు. అల్యూమినియం ఆర్ఓపీపీ మూత (మెడ మీద పెట్టి రోలర్లతో మరలు నొక్కే రకం), లోపల ఈపీఈ (ప్లాస్టిక్ నురుగు) లైనర్, చేత్తో నడిపే మెషిన్‌తో బిగింపు. పెట్టె లోపలి కొలత 258 × 172 × 320 మి.మీ. అట్ట మందం సుమారు 6.5 మి.మీ. గడులు 3 ప్లై అట్టవి, ఎత్తు 180 మి.మీ. నిండు పెట్టె బరువు దాదాపు 9.5 కిలోలు.

దారి సంగతి: యూనిట్ నుంచి ట్రాలీ ఆటోలో పార్సిల్ కౌంటరుకు, అక్కడి నుంచి కొత్తకోట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్‌కు, గోదాములో దించి ఏరియా వారీగా వేరు చేసి, చివర బైకు మీద ఇంటికి. హైవే మీద పోయేటప్పుడు దెబ్బలు పెద్దవి కావు, ఎడతెగని కంపనమే ఎక్కువ. కమాను పట్టీల లారీలో ఆ కంపనం 3, 4 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటుంది, టైర్ల వల్ల 15, 20 హెర్ట్జ్ దగ్గర మరో గుంపు వస్తుంది. పెద్ద దెబ్బలు తగిలేది ఎక్కించే, దించే చోట్లే. పెట్టె ఎంత తేలిగ్గా ఉంటే అంత ఎత్తు నుంచి విసురుతారు. పరీక్ష ప్రమాణాల్లో బరువు తగ్గేకొద్దీ డ్రాప్ ఎత్తు (పెట్టెను పడేసి చూసే ఎత్తు) పెరగడానికి కారణం ఇదే.

పరీక్ష ఎలా పెట్టారు

ఆధారంగా ఇంటర్నేషనల్ సేఫ్ ట్రాన్సిట్ అసోసియేషన్ వారి ఇస్టా 1ఏ అనే పరీక్ష పద్ధతిని తీసుకున్నారు. ఇది 68 కిలోల లోపు విడి పెట్టెలకు. మన దేశ ప్రమాణాల్లో నింపిన రవాణా ప్యాకేజీల పరీక్షలకు ఐఎస్ 7028 ఉంది. ఒక మాట ముందే చెప్పాలి. ఇస్టా 1 వరస పరీక్షలు దారిని అనుకరించవు, ప్యాక్ గట్టితనాన్ని మాత్రమే చూస్తాయి. దారిని సాధారణంగా అనుకరించేది 3 వరస. పార్సిళ్లకు 3ఏలో ముందు డ్రాపులు, తర్వాత పైబరువుతో వైబ్రేషన్, మళ్లీ డ్రాపులు ఉంటాయి, లారీ వైబ్రేషన్ 0.53 జీఆర్ఎంఎస్ (కంపన తీవ్రతకు కొలత) స్థాయిలో రాండమ్‌గా నడుస్తుంది. దానికి సర్వో హైడ్రాలిక్ లేదా ఎలక్ట్రోడైనమిక్ రకం వైబ్రేషన్ టేబుల్ కావాలి. చిన్న యూనిట్‌కు సరైన పద్ధతి ఏమిటంటే, 1ఏ తో తప్పులు పట్టుకుని సరిచేసుకోవడం, చివరి ప్యాక్‌ను మాత్రం పూర్తి సదుపాయమున్న ల్యాబుకు పంపడం. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది కాబట్టి దక్షిణ తెలంగాణ యూనిట్లు చెన్నై, ముంబై పోనక్కర్లేదు.

పెట్టెకు ముఖాల నంబర్లు ముందే మార్కర్‌తో వేయాలి. పెట్టె జాయింటు, అంటే పిన్నులు కొట్టిన లేదా గమ్ వేసిన నిలువు అంచు, మీ కుడి చేతి వైపు వచ్చేలా నిలబడితే ఎదురుగా ఉన్నది 5. పైది 1, కుడిది 2, అడుగు 3, ఎడమ 4, వెనకది 6. ఈ నంబర్లు లేకుండా రాసిన రిపోర్టు మూడు రోజుల తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు.

ఫిక్స్‌డ్ డిస్‌ప్లేస్‌మెంట్ వైబ్రేషన్‌లో టేబుల్ 25 మి.మీ. మేర పైకీ కిందికీ ఆడుతుంది. వేగాన్ని మెల్లగా పెంచుతూ, 1.5 మి.మీ. మందం లోహపు పట్టీ పెట్టె కింద అటూ ఇటూ కదిలేంతగా పెట్టె టేబుల్‌ను వదిలే చోట ఆపాలి. మామూలుగా అది నిమిషానికి 270 చుట్ల దగ్గర వస్తుంది, అక్కడ త్వరణం 1 జీ (భూమి గురుత్వ త్వరణం) దాటుతుంది. మొత్తం 14,200 కుదుపులు పూర్తవ్వాలి కాబట్టి ఆ వేగంలో 53 నిమిషాలు పడుతుంది. పట్టీ పెట్టి చూడకుండా వేగం మీటరును నమ్మి నడిపితే పెట్టె టేబుల్‌కు అంటుకునే ఆడుతుంది, పరీక్ష జరిగినట్టే ఉంటుంది కానీ కుదుపు ఉండదు. ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

డ్రాపులు పది. 10 కిలోల లోపు పెట్టెకు ఎత్తు 760 మి.మీ. ముందు 2-3-5 మూల (2, 3, 5 ముఖాలు కలిసే చోటు), తర్వాత ఆ మూల నుంచి బయల్దేరే మూడు అంచులు పొట్టిదానితో మొదలుపెట్టి పొడవుదాని దాకా, ఆ తర్వాత ఆరు ముఖాలు చిన్నవాటితో మొదలుపెట్టి పెద్దవాటి దాకా. కింద ఉండే తలం పెట్టె బరువుకు కనీసం 50 రెట్లు ఉండాలి. ఇక్కడైతే 475 కిలోలు. నేల మీద పోసిన మందపాటి కాంక్రీటు, దాని మీద ఉక్కు పలక చాలు. టైల్స్ పరిచిన గది పనికిరాదు, టైలు పగిలి దెబ్బను మింగేస్తుంది. చేత్తో వదిలితే పెట్టె గాలిలో తిరుగుతుంది. ముఖం డ్రాపు అంచు మీద పడితే ఆ డ్రాపు లెక్కలోకి రాదు. తలుపులా ఒక్కసారిగా కిందికి తెరుచుకునే బల్ల ఉండాలి, మూల డ్రాపుకు తాడు ఉచ్చుతో పెట్టె బరువు సరిగ్గా మూల మీదికి వచ్చేలా వేలాడదీసి వదలాలి.

ఈ పెట్టె బరువు 9.5 కిలోలు. ఇంకో అర కిలో అట్ట కూరితే 10 దాటి డ్రాపు ఎత్తు 610 మి.మీ.కి పడిపోతుంది, పరీక్ష సులువవుతుంది. ఇలా గీత దాటించి నెగ్గించడం తప్పు. దించే హమాలీకి 9.5కు, 10కి తేడా తెలియదు. అందుకే ఏ మార్పు చేసినా 760 దగ్గరే పరీక్షించాలని ముందే రాసుకున్నారు.

సీసాల తయారీలో రెండు జాగ్రత్తలు ముఖ్యం. ఒకటి, మూత మీద నుంచి మెడ మీదికి పెయింట్ మార్కర్‌తో నిలువు గీత. మూత కాస్త తిరిగినా గీత విరుగుతుంది. రెండు, మెడ చుట్టూ తెల్ల టిష్యూ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు. పెట్టె తడవడానికి చాలా ముందే టిష్యూ మీద పారదర్శకమైన మచ్చ కనిపిస్తుంది.

మొదటి విడత: నీళ్లతో ఏమీ తేలలేదు

నూనె వృథా అవుతుందని చాలాచోట్ల నీళ్లు నింపి పరీక్షిస్తారు. ఇక్కడ కూడా ముందు అలాగే నింపారు. మామూలు గది వేడిలో వైబ్రేషన్, డ్రాపులు చేస్తే మూల డ్రాపుకు సీసా పగిలింది గానీ, పగలని సీసాల టిష్యూలన్నీ పొడిగానే ఉన్నాయి. దారిలో కనిపించిన రెండు రకాల్లో ఒకటి మాత్రమే దొరికిందన్నమాట.

లోపించింది వేడి. మే నెలలో ఎండలో నిలబెట్టిన మూసిన బండిలో 50 డిగ్రీలు దాటుతుంది. ఇస్టాలో విపరీతమైన వేడికి 60 డిగ్రీలు, వేడి, ఉక్కపోత కలిసిన స్థితికి 38 డిగ్రీలు, 85 శాతం తేమ అని స్థితులున్నాయి. ఈ కేసుకు 55 డిగ్రీలు ఎంచుకున్నారు. నీళ్ల సీసాలను ఆ వేడిలో పెట్టినా పెద్దగా కారలేదు. నూనె నింపి పెట్టాక మాత్రం టిష్యూలు జిడ్డెక్కాయి. కారణం లెక్కలోనే ఉంది. 30 నుంచి 55 డిగ్రీలకు పోతే నీళ్లు దాదాపు 1 శాతం వ్యాకోచిస్తాయి. పల్లి నూనె డిగ్రీకి సుమారు 0.07 శాతం చొప్పున 1.75 శాతం వ్యాకోచిస్తుంది. లీటరుకు 17.5 మి.లీ.

వేడి గది విషయంలో ఇంకో జాగ్రత్త. గదిలో గాలి 55 చూపించిందంటే నూనె 55కి వచ్చినట్టు కాదు. అట్ట మంచి ఉష్ణ నిరోధకం, లోపల ఆరు లీటర్ల నూనె. నడిమి సీసాలోకి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) దించి, అది 55 చూపిన దగ్గర్నుంచే సమయం లెక్కపెట్టాలి. రాత్రి పెట్టి తెల్లారి చూడటం మంచిది. తీసిన వెంటనే, వేడి మీదే వైబ్రేషన్ టేబుల్ ఎక్కించాలి. చల్లారనిస్తే నూనె ముడుచుకుని పీడనం పోతుంది, చూడాల్సింది జారిపోతుంది.

వేడి, వైబ్రేషన్, డ్రాపు ఈ వరసలో పెట్టాక దారిలో వచ్చినవే వచ్చాయి: మెడ మీద చార, మూల సీసాకు అడుగు మలుపులో పగులు, నడిమి సీసాలు భుజాలకు భుజాలు తగలడం. అక్కడి నుంచి అసలు పని మొదలైంది.

కారడం: మూత ఒక్కటే కాదు, మెడలో ఖాళీ

పాత సీసా అంచు దాకా నింపితే 1,025 మి.లీ. పడుతుంది. 30 డిగ్రీల దగ్గర 910 గ్రాముల నూనె సుమారు లీటరు కాబట్టి మిగిలే ఖాళీ 25 మి.లీ. 55 డిగ్రీలకు నూనె 17.5 మి.లీ. పెరిగితే ఆ 25 మి.లీ. గాలి 7.5 మి.లీ. జాగాలోకి నొక్కుకోవాలి. పైగా గాలి కూడా వేడెక్కింది. 25ను 7.5తో భాగించి, కెల్విన్ లెక్కలో 328 బై 303తో గుణిస్తే లోపలి పీడనం బయటి పీడనానికి 3.6 రెట్లు వస్తుంది. నిజంలో అంత నిలవదు, ఎందుకంటే మూత కాస్త లేస్తుంది. ఆ లేవడమే కారడం.

అదే సీసాకు అంచు దాకా 1,050 మి.లీ. పడితే? ఖాళీ 50 మి.లీ., వేడిలో మిగిలేది 32.5. పీడనం 1.67 రెట్లు. సీసాలో 25 మి.లీ. జాగా పెరిగితే లైనర్ మీద అదనపు ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోయింది. 5 ప్లై పెట్టె, రెట్టింపు టేపు కలిసి చేయలేని పని ఇది.

యూనిట్‌లో దీనికి అడ్డొచ్చింది కొనేవాళ్ల చూపు. మెడ దాకా నిండి లేకపోతే తక్కువ పోశారనుకుంటారు. అందుకే పోసేవాళ్లు 910 గ్రాముల మీద ఇంకో చుక్క వేసి నింపుతున్నారు. ఆ చుక్కే ఖాళీని తినేస్తోంది. పైగా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మెడ గీత చూసి నింపితే ఎక్కువ బరువు పడుతుంది, మధ్యాహ్నం అదే గీతకు తక్కువ పడుతుంది. గీత చూసి నింపడం మానేసి, ఖాళీ సీసాను తూచి సున్నా చేసి 910 గ్రాములు తూకంతో నింపడం మొదలుపెట్టారు. సీసా మెడ బయటికి కనిపించకుండా మూత కింద ఒక కాగితపు తొడుగు వేశారు. 1,050 మి.లీ. పైన పట్టే సీసాకు మారారు. సీసా కొనేటప్పుడు అడగాల్సింది "లీటరు సీసా" అని కాదు, అంచు దాకా ఎంత పడుతుందని. ఒక్కో లాటులో కొన్ని సీసాలు నీళ్లు నింపి తూచి చూసుకోవాలి.

మూత వైపు రెండు లోపాలు. చేతి మెషిన్‌లో పైనుంచి నొక్కే బలం తక్కువగా ఉంది, లైనర్ సరిగా నొక్కుకోకముందే రోలర్లు మరలు దించేస్తున్నాయి. మూత కోసి లైనర్ తీసి చూస్తే సీసా అంచు గుర్తు ఒకవైపు లోతుగా, ఇంకోవైపు లేనట్టుగా పడింది. గుర్తు చుట్టూ ఒకే లోతులో పడేదాకా స్ప్రింగు బిగించి, హెడ్ నిలువు సరిచేశారు. చౌక సీసాల్లో ఎత్తు తేడాలు ఉంటే ఒకే సెట్టింగు అన్నిటికీ కుదరదు, కాబట్టి ఈ కోసి చూడటం ప్రతి లాటు మొదట్లో చేయాలి. రెండో లోపం లైనర్. ఈపీఈ నురుగు వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, చల్లారాక పాత మందానికి తిరిగి రాదు. పగలు వేడెక్కి రాత్రి చల్లారిన సీసాలో మూత బిగుతుగానే కనిపిస్తుంది, లోపల లైనర్ పట్టు మాత్రం పోయి ఉంటుంది. నూనెకు తగిన, పైన ఫిల్మ్ పొర ఉన్న లైనర్‌కు మార్చి, వేడి గదిలో ఒకసారి వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి, తలకిందులుగా టిష్యూ మీద నిలబెట్టి పరీక్షించారు. ఒక్కసారి వేడి చేసి సరిపెట్టుకుంటే ఈ లోపం బయటపడదు.

పగలడం: అడుగున ఉన్న గుంత

ఈ భాగం ఎవరి పెట్టెలోనైనా ఇప్పుడే తెరిచి చూడొచ్చు. మామూలు అట్టపెట్టెకు ఫ్లాపులన్నీ ఒకే పొడవు, పెట్టె వెడల్పులో సగం. 172 వెడల్పుకు ఒక్కో ఫ్లాపు 86 మి.మీ. బయటి ఫ్లాపులు రెండూ మధ్యలో కలుస్తాయి. లోపలివి రెండు చివర్ల నుంచి 86, 86 వచ్చి ఆగిపోతాయి. పెట్టె పొడవు 258. మధ్యలో 86 మి.మీ. గుంత మిగులుతుంది. మూడు వరసల్లో నడిమి వరస సీసాలు సరిగ్గా ఆ గుంతలో కూర్చుంటాయి.

అంటే చివరి నాలుగు సీసాల కింద రెండు అట్టలు, నడిమి రెండింటి కింద ఒక్కటే. నడిమివి 6.5 మి.మీ. కిందికి కూడా ఉంటాయి, భుజాల ఎత్తు కలవదు. అడుగు మీద పడ్డప్పుడు సీసా ఆగడానికి దొరికే దూరమే దెబ్బను నిర్ణయిస్తుంది. 760 మి.మీ. నుంచి పడ్డది 6 మి.మీ.లో ఆగితే సగటున 127 జీ, 12 మి.మీ.లో ఆగితే 63 జీ. అట్ట పూర్తిగా నలగదు కాబట్టి ఇవి ఉజ్జాయింపు లెక్కలే, కానీ దూరం రెట్టింపైతే దెబ్బ సగమవుతుందన్నది మారదు.

చేసింది రెండు ముక్కలు. ముందు గుంతలో 86 × 172 అట్టముక్క, అడుగు సమం అవుతుంది. దాని మీద అడుగంతా కప్పే 5 ప్లై ప్యాడు. రెండిటికీ పట్టే అట్ట చాలావరకు కోతలో మిగిలే తుక్కు నుంచే వస్తుంది.

గడుల ఎత్తు 180 నుంచి 325 మి.మీ.కి పెంచారు. 180 దగ్గర గడి సీసా భుజం దాకా రాలేదు. అంచు డ్రాపులో సీసాలు ఒరిగి గడి పైనుంచి ఒకదానికొకటి తగిలాయి. వైబ్రేషన్ ముందు జరగడం ఇక్కడ ముఖ్యం. కొత్త గడి బిగుతుగా నిలబడుతుంది, 14,200 కుదుపుల తర్వాత కోతల దగ్గర వదులై వంగుతుంది. తాజా పెట్టెకు డ్రాపు చేస్తే నెగ్గిన గడి, కుదిపిన తర్వాత నిలవలేదు. పెట్టె లోపలి ఎత్తును 332కు పెంచడంతో పై పెట్టెల బరువు గడుల మీద పడుతుంది, మూతల మీద పడదు. ప్యాడు, సీసా కలిపి 321.5 కాబట్టి మూత పైన సుమారు 10 మి.మీ. ఖాళీ ఉంటుంది.

మందం సరిపోతుందా అన్న ప్రశ్న కూడా లెక్కతో తేల్చేశారు. 2.4 మీటర్ల ఎత్తు దాకా పేర్చితే ఆరు పెట్టెలు, అడుగుదాని మీద ఐదింటి బరువు 47.5 కిలోలు. తేమ, రోజుల తరబడి బరువు, అడ్డదిడ్డంగా పేర్చడం, ఇవన్నీ పెట్టె బలాన్ని తినేస్తాయి. తేమ బాగా పెరిగితేనే సగం పోవచ్చు, ఇటుకల్లా మార్చి పేర్చితే మూలలు మూలల మీదికి రాక ఇంకా పోతుంది. ఐదు రెట్లు భద్రత తీసుకుంటే సుమారు 238 కిలోలు మోయాలి. మెక్‌కీ సూత్రం ప్రకారం పెట్టె మోయగల బలం 5.87 × ఈసీటీ × (మందం × చుట్టుకొలత) వర్గమూలం. ఈసీటీ అంటే అట్ట ముక్కను నిలువుగా నిలబెట్టి నొక్కితే అంచు ఎంత బలం ఆపుతుందన్న కొలత. ఈసీటీ మీటరుకు 6 కిలో న్యూటన్లు, మందం 6.5, చుట్టుకొలత 912 వేస్తే సుమారు 2,710 న్యూటన్లు, అంటే 276 కిలోలు. పెట్టె సరిపోతుంది. దాన్ని ఇంకా మందం చేయడం డబ్బు దండగ.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పెట్టెలు అమ్మేవాళ్లు జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), బీఎఫ్ మాత్రమే చెప్తారు. బీఎఫ్ అంటే కాగితం చిరగడానికి ఎంత ఒత్తిడి కావాలన్నది. పేర్చినప్పుడు మోసే బలం గురించి అది ఏమీ చెప్పదు. ఈసీటీ రిపోర్టు అడగాలి. ఇవ్వలేమంటే నిండు పెట్టెను కంప్రెషన్ మెషిన్ మీద పెట్టి చూసుకోవాలి.

రెండో విడతలో కొత్తగా వచ్చినవి

గాజు నిలబడింది, టిష్యూలు పొడిగా ఉన్నాయి. కానీ లేబుల్ అరిగింది. పొడవాటి గడి ఇప్పుడు లేబుల్ మొత్తానికి ఆనుతోంది, గంటసేపు కుదుపులో అక్షరాల రంగు అట్ట మీదికి ఎక్కింది. సీసాకు ఒక్కో పక్క సుమారు 2 మి.మీ. సందు ఉంది. సందు పూర్తిగా తీసేస్తే రాపిడి తగ్గుతుంది గానీ ప్యాక్ చేసేవాళ్లు సీసాను బలవంతంగా దూర్చాలి, గడి కోతల దగ్గర చిరుగుతుంది. అందుకే సందు అలాగే ఉంచి లేబుల్‌ను లామినేషన్ రకానికి మార్చారు. లేబుల్ చిన్న విషయం అనిపించొచ్చు, కానీ దాని మీద తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటాయి, చదవలేకపోతే సరుకు వెనక్కే వస్తుంది.

ఏది నెగ్గినట్టు అన్నది పరీక్షకు ముందే కాగితం మీద పెట్టడం వల్ల ఇక్కడ వాదన రాలేదు. సీసా పగలకూడదు, బీటలు వారకూడదు. టిష్యూ మీద మచ్చ ఉండకూడదు. లేబుల్ చదవగలగాలి. పెట్టె మూలలు నలగొచ్చు, నలగాలి కూడా. మూల డ్రాపు తర్వాత పెట్టె మూల చెక్కుచెదరకుండా ఉంటే సంతోషించకూడదు, ఆ దెబ్బ లోపలికి పోయిందో లేదో చూడాలి.

ఎన్ని పెట్టెలతో పరీక్షించాలన్నది చిన్న యూనిట్లలో ఎప్పుడూ బేరమే. ఐదు పెట్టెలు నెగ్గాయంటే ఎంత నమ్మాలో లెక్క ఉంది. నూటికి 45 పాడయ్యే ప్యాక్ కూడా ఐదుకు ఐదూ నెగ్గే అవకాశం 20లో ఒకటి: 0.55ను ఐదుసార్లు గుణిస్తే 0.05. 30 పెట్టెలు నెగ్గితే అదే నమ్మకంతో పాడయ్యేవి నూటికి 10 లోపే అని చెప్పొచ్చు. కాబట్టి ల్యాబులో కొన్ని పెట్టెలు నెగ్గడం లోపం పోయిందనడానికి సూచన మాత్రమే, మిగతాది దారి మీద చూడాలి.

దారి మీద చూడటానికి ఒక గడిలో సీసా బదులు అదే బరువున్న దిమ్మెలో షాక్ లాగర్ (దెబ్బలను నమోదు చేసే పరికరం) పెట్టి మామూలు సరుకుతోపాటే పంపాలి, పార్సిల్ వాళ్లకు చెప్పకుండా. ఫోన్ పెట్టి పంపితే పని జరగదు. డ్రాపు దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఫోన్ సెన్సారు అంత వేగంగా తీసుకోదు, అంత ఎక్కువ జీ కొలవదు. లాగర్‌లో దెబ్బ ఎంత అన్నదానికన్నా పెట్టె గాలిలో తేలిన సమయం చూడటం మేలు. 0.39 సెకన్లు తేలిందంటే 760 మి.మీ. నుంచి పడ్డట్టు, 0.25 అయితే 300 మి.మీ. ఏ చోట, ఎంత ఎత్తు నుంచి, ఎన్నిసార్లు పడుతోందో తెలిస్తే తర్వాతి పరీక్షలో ఎత్తును ఊహించనక్కర్లేదు. ప్యాక్‌లో మార్పు చేయాలో, దించే చోట ఒక బల్ల వేయిస్తే సరిపోతుందో కూడా అప్పుడే తేలుతుంది.

ఈ ప్యాక్‌ను మళ్లీ పరీక్షించాల్సిన సందర్భాలు యూనిట్ గోడ మీద రాసి పెట్టించారు: సీసా అచ్చు మారినప్పుడు, మూత లేదా లైనర్ సరఫరాదారు మారినప్పుడు, అట్ట జీఎస్ఎం తగ్గించినప్పుడు, పల్లి నూనె బదులు అదే సీసాలో నువ్వుల నూనె, కుసుమ నూనె పంపాలనుకున్నప్పుడు. ప్రతి ఏటా ఫిబ్రవరి చివర, ఎండలు ముదరకముందు, ఒక పెట్టెకు వేడి, వైబ్రేషన్, మూల డ్రాపు, ఈ మూడూ ఇదే వరసలో.